పేర్లు రాయని బిడారు

కదిరి దారుల్లో ఎద్దుల బిడారు ఆఖరిసారి ఎప్పుడు నడిచిందో ఎవరూ రాసిపెట్టలేదు. ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాలకు 1890ల మొదట్లో రైలు వచ్చింది. దానికి కొంత ముందో, కొంత వెనకో ఒక పొద్దున లంబాడీల ఎద్దులు పెరికెలు మోసుకుని ఊరు దాటిపోయాయి. మళ్ళీ రాలేదు. ఎవరైనా పోతే పత్రికలో పేరు వేస్తాం, తేదీ వేస్తాం, ఒక ఫొటో పెడతాం. ఈ బిడారుకు వేయడానికి మన దగ్గర పేరూ లేదు, తేదీ లేదు, ఫొటో అంతకన్నా లేదు. అయినా కనీసం రెండు వందల యాభై ఏళ్ళు దక్కనుకు ఉప్పూ తిండిగింజలూ మోసిన మనుషులు కాబట్టి, ఆలస్యమైనా వాళ్ళకో నివాళి బాకీ ఉన్నాం.

ఈ బాకీ గుర్తుచేసింది మాత్రం సముద్రాల అవతలి వాళ్ళు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్థిరపడ్డ మోర్మన్లు.

వాళ్ళ కథ తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. జోసెఫ్ స్మిత్ అనే ఆయన తనకు దైవదర్శనమైందని చెప్పి 1830లో కొత్త చర్చి స్థాపించాడు. చుట్టుపక్కల వాళ్ళు ఓర్వలేదు. ఊరి నుంచి ఊరికి తరిమారు. 1844 జూన్ 27న ఇల్లినాయిలోని ఒక జైల్లో ఉండగా గుంపు వచ్చి ఆయన్ని కాల్చి చంపింది. 1846 ఫిబ్రవరి చలిలో ఆయన అనుచరులు తాము కట్టుకున్న నావూ పట్నాన్ని వదిలి, ఎద్దుల బళ్ళు కట్టుకుని పడమటికి బయలుదేరారు. బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో మొదటి జట్టు 1847 జూలైలో సాల్ట్ లేక్ లోయ చేరింది. సుమారు 2,000 కిలోమీటర్ల దారి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు జట్టు వెనక జట్టుగా దాదాపు 70,000 మంది అదే దారి తొక్కారు. చాలామంది ఇంగ్లండు నుంచీ డెన్మార్కు నుంచీ ఓడల్లో వచ్చిన బీదవాళ్ళు. ఎద్దులు కొనే స్తోమత లేని వాళ్ళకు 1856లో చేత్తో లాగే బళ్ళు ఇచ్చారు. ఆ ఏడే ఆలస్యంగా బయలుదేరిన రెండు జట్లు, మొత్తం వెయ్యిమంది దాకా, అక్టోబరు మంచులో చిక్కుకున్నాయి. రెండు వందల మందికి పైగా దారిలోనే పోయారు. బండి లాగుతున్న తండ్రి పోతే ఆ కాడి తల్లి పట్టుకుంది. తల్లీ పోతే పిల్లలు పట్టుకున్నారు.

ఇవన్నీ ఇంత వివరంగా ఎలా తెలుసంటే, వాళ్ళు రాసుకున్నారు. ఏ జట్టులో ఎవరున్నారు, ఎవరికెంత వయసు, ఏ రోజు బయలుదేరారు, ఎవరు ఎక్కడ పోయారు, ఎవరి కడుపున ఏ నది ఒడ్డున బిడ్డ పుట్టింది, అన్నీ. ఈనాటికీ యూటాలో ఏ కుర్రవాడైనా తన ముత్తవ్వ పేరు కొట్టి, ఆమె ఫలానా సంవత్సరం ఫలానా జట్టులో నడిచిందని తెలుసుకోగలడు. జూలై 24 అక్కడ సెలవు. ఆ రోజు ఊరేగింపుల్లో ముత్తాతలను తలచుకుంటారు.

మన బిడారులో ఒక్క ఆడమనిషి పేరు చెప్పండి చూద్దాం.

పోలిక దూరపుదని ఎవరైనా అనుకుంటే, ఒక మనిషి సంగతి చెబుతాను. రిచర్డ్ బాలంటైన్ స్కాట్లండులో పుట్టి మోర్మన్లలో చేరి సాల్ట్ లేక్ లోయకు పోయినవాడు. 1849లో అక్కడ పిల్లలకు ఆదివారం బడి మొదలుపెట్టినవాడు. చర్చి పెద్దలు ఆయన్ని ఇండియాకు పొమ్మన్నారు. 1853 ఏప్రిల్‌లో కలకత్తాలో దిగి, జూలైలో రాబర్ట్ స్కెల్టన్ అనే తోటివాడితో మద్రాసు చేరాడు. ఏడాది పాటు అక్కడే ఉండి కరపత్రాలు వేశాడు, ఒక చిన్న పత్రికా నడిపాడు. దొరలు ఎగతాళి చేశారు, మనవాళ్ళు పట్టించుకోలేదు. చేరినవాళ్ళు కొద్దిమందే. 1854లో ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆ మరుసటి ఏడే, అంటే 1855లో, నాలుగు వందల మంది ఉన్న బళ్ళ జట్టుకు నాయకుడై వాళ్ళని అమెరికా మైదానాలు దాటించి సాల్ట్ లేక్ చేర్చాడు.

అప్పటి కదిరి మద్రాసు ప్రెసిడెన్సీలో కడప జిల్లా తాలూకా. బాలంటైన్ మద్రాసులో ఉన్న ఆ ఏడాది కోస్తా ఉప్పు కొటార్ల నుంచి పైసీమకు ఉప్పు ఎక్కువగా వచ్చింది లంబాడీ ఎద్దుల మీదే. దత్తమండలాల పత్తి మద్రాసుకు దిగిందీ అలాగే. మరుసటి ఏడు తానే ఒక బిడారు నడపబోయే మనిషి అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద బిడార్లు తిరిగే దేశంలో ఏడాది గడిపాడు. ఆయన జట్టు జాబితా భద్రంగా ఉంది. మద్రాసు దారిలో ఆ ఏడాది బిడారు నడిపిన నాయక్ ఎవరో మాత్రం భూమ్మీద ఎవరికీ తెలియదు.

ఆ బిడార్లు ఎంత పెద్దవో ఊహించడం కష్టం. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే పది పన్నెండు వేల ఎద్దులున్న బిడారును గురించి రాశాడు. అది ఎదురైతే దారి దొరకడానికి ప్రయాణికులు రోజుల తరబడి ఆగవలసి వచ్చేదట. షాజహాను కాలంలో 1630 ప్రాంతాన ఆసఫ్ ఖాన్ దక్కన్ మీదికి దండెత్తినప్పుడు భంగీ, ఝంగీ అనే ఇద్దరు నాయకులు లక్షా ఎనభై వేల ఎద్దులతో సైన్యానికి తిండి మోశారని లంబాడీలు తరతరాలుగా చెప్పుకున్నారు. ఆ ఎద్దుల కోసం ఇళ్ళ కప్పుల మీది గడ్డి పీకినా, కుండల్లో నీళ్ళు తీసుకున్నా ఎవరూ అడ్డు చెప్పకూడదని రాగిరేకు మీద హక్కు రాయించుకున్నారట. లక్షా ఎనభై వేలు నిజంగా లెక్కపెట్టిన సంఖ్యా అంటే నేనైతే పట్టుబట్టను. కానీ మొగలు సైన్యం దక్కనులో దిగి ఆకలితో చావకుండా ఉండటానికి ఎవరో ఒకరు మోసి ఉండాలి గదా.

మన ప్రాంతానికి దగ్గరి సాక్ష్యం మైసూరు యుద్ధాలు. 1791లో ఈస్టిండియా కుంఫిణీ సేనాపతి కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం ముందు నుంచి వెనక్కి తగ్గాడు. తిండి లేదు, బండెద్దులు చచ్చాయి, బరువు ఫిరంగులను అక్కడే పాడుచేసి రావలసి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్ అనే అధికారి లంబాడీ నాయకులతో మాట్లాడి వేల ఎద్దుల మీద గింజలు తెప్పించాకే కుంఫిణీ సైన్యం తెప్పరిల్లింది. ఆ రీడ్ దగ్గర పని నేర్చుకున్న థామస్ మన్రో, 1800లో నిజాం ఈ జిల్లాలు అప్పగించాక అనంతపురంలో కూర్చుని కలెక్టరు పని చేశాడు. మన్రో పేరిట రాయలసీమలో పిల్లలకు పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు, మంచిదే. ఆయన పనిచేసిన సైన్యానికి అన్నం మోసిన నాయకుల పేరు ఒక వీధికైనా లేదు.

ఇక ఆ బతుకు ఎలా సాగిందో కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. బిడారంటే సరుకు ఒక్కటే కాదు, సంసారం మొత్తం. ఒక్కో ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడే జంట సంచి పెరికె. దాని నార వాళ్ళే వడికి, వాళ్ళే కుట్టుకునేవారు. ముందు నాయక్ ఉంటాడు. ఎటు పోవాలో, ఏ ఊళ్ళో ఎంతకు అమ్మాలో, ఎవరి తగవు ఎలా తీర్చాలో ఆయన మాటే. చుట్టూ వేటకుక్కలంత పెద్ద కుక్కలు. సరుకుకు కాపలా అవే. పగటి మజిలీలో పెరికెలను గోడలా పేర్చి, లోపల పొయ్యి వెలిగించేవారు.

బిడారుకు ముందు ఒక ఎద్దు నడిచేది. దాన్ని హటాడియా అనేవారని నూరేళ్ళ కిందటి పుస్తకాల్లో ఉంది. దాని వీపు మీద బరువు పెట్టరు. ఎర్ర పట్టు కుచ్చులు, గవ్వలు, ఇత్తడి గంటలు దాని సింగారం. బాలాజీకి అంకితమైన ఎద్దది. ఎవరికైనా జబ్బు చేస్తే దాని కాళ్ళ దగ్గర మొక్కేవారు. సాయంత్రం అది అలసి ఎక్కడ పడుకుంటే ఆ రాత్రికి అదే మజిలీ. వేల ఎద్దుల వ్యాపారం, లక్షల విలువైన సరుకు, సైన్యాల తిండి! ఎక్కడ ఆగాలన్న నిర్ణయం మటుకు ఒక మూగజీవిది. మేనేజ్‌మెంటు చదువుకున్న మిత్రులకు ఇది చెబితే నవ్వారు. ఎద్దు ఆగిన చోట నీళ్ళూ గడ్డీ ఉంటాయని ఆ నాయకులకు తెలుసు. వీళ్ళకు తెలియదు.

ఆడవాళ్ళు నడిచారు, మోశారు, దారిలోనే కన్నారు. అద్దాలు కుట్టిన లంగా, వీపు మీద దారాలు ముడివేసిన రవిక, మోచేతి పైదాకా గాజులు, జడల్లో వేలాడే వెండి గొలుసులు. ఇల్లు లేని వాళ్ళకు ఒంటి మీది వెండే పెట్టె, అదే బ్యాంకు. బిడ్డ పుట్టిన మజిలీలో ఆగింది ఎన్ని రోజులో, ముసలివాళ్ళు ఏ దారి పక్కన పోయారో ఎక్కడా లేదు. మోర్మన్ తల్లులు అలాంటి చోట్ల చెట్టు మీద గుర్తు చెక్కారు, డైరీలో మైలు సంఖ్య వేసుకున్నారు. లంబాడీ తల్లి పాటలో పెట్టుకుంది. పాట ఆమెతో పోయింది.

ఒక్క పాట మాత్రం ఇంకా మిగిలింది. పెళ్ళయిన పిల్ల అత్తవారితో వెళ్ళేటప్పుడు సింగారించిన ఎద్దు మీద నిలబడి, చేతులు పైకెత్తి, ఏడుస్తూ తన తండాకు వీడ్కోలు పాడుతుంది. బిడార్ల కాలంలో ఆ ఏడుపుకు చాలా పెద్ద కారణం ఉంది. రెండు బిడార్లు రెండు దిక్కులకు పోతే ఆ పిల్ల తల్లిని మళ్ళీ ఎన్నేళ్ళకు చూస్తుందో తెలియదు, చూస్తుందో లేదో కూడా తెలియదు. ఇప్పుడు తండాలో ఎద్దులు తక్కువ, మోటారుసైకిళ్ళు ఎక్కువ. కొన్ని ఇళ్ళలో ఆ ఘట్టం కారు తలుపు దగ్గర గబగబా ముగిసిపోతోంది.

మోర్మన్లకు జోసెఫ్ స్మిత్ ఉన్నట్టే వీళ్ళకూ ఒక దారి చూపినవాడున్నాడు. ఆయన మన పాత ఉమ్మడి జిల్లావాడే. సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న గుత్తి దగ్గర పుట్టాడని లంబాడీల నమ్మకం. తండ్రి భీమా నాయక్, తల్లి ధర్మణి. మేరమ్మ తల్లి భక్తుడు. ఎద్దులు తోలుకుంటూ, తన వాళ్ళకు సత్యం చెప్పమనీ సారా వదలమనీ బోధిస్తూ తిరిగాడంటారు. సమాధి మహారాష్ట్రలో పోహ్రాదేవి దగ్గర ఉంది. పుట్టింది అనంతపురం జిల్లాలో, పోయింది విదర్భలో. ఆ మధ్య దూరమే బిడారు బతుకు ఎంత విస్తారమైనదో చెబుతుంది. గుత్తి దగ్గరి సేవాగఢ్‌కు ఇప్పటికీ ఏటా వేల మంది వస్తారు.

బిడారును చంపింది ఎవరన్నది తేలికే. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ అనే చోట రెండు వైపుల రైలు పట్టాలూ కలిశాయి. మోర్మన్ ఎద్దుబళ్ళ కాలం ఆ రోజుతో తీరిపోయింది. రెండేళ్ళకు, 1871లో, కడప, గుత్తి మీదుగా మద్రాసు రైలు రాయచూరు చేరి బొంబాయి లైనును అందుకుంది. ఎద్దుల మీద వారాలు పట్టే ఉప్పు రెండు రోజుల్లో దిగింది. తర్వాత ఇరవై ఏళ్ళకు కదిరి లైను. అక్కడా ఇక్కడా ఒకే ఇనుము, ఇంచుమించు ఒకే కాలం.

తేడా ఆ తర్వాత వచ్చింది. రైలు వచ్చాక మోర్మన్ పయనీర్లు గౌరవనీయులైన పెద్దలయ్యారు. వాళ్ళు తొక్కిన దారి చారిత్రక స్థలమైంది. మనవాళ్ళకు 1871లోనే నేరస్థ జాతుల చట్టం పుట్టింది. మొదట ఉత్తరాదిలో అమలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. సరుకు మోసే పని పోయిన వాళ్ళ మీద, తిరుగుతున్నారన్న ఒక్క కారణంతో పోలీసు కన్ను పడింది. ఎన్నో చోట్ల వాళ్ళ పేర్లు మొట్టమొదటిసారి కాగితం మీదికి ఎక్కింది పోలీసు రిజిస్టర్లలోనే. నాకు ఈ వ్యవహారమంతటిలో గుండెలో గుచ్చుకున్న సంగతి అదొక్కటే. ఆ చట్టం 1952 ఆగస్టు 31 నాటికి దేశమంతటా రద్దయింది. అప్పటికి ఒక తరం వేలిముద్రలిచ్చి బతికింది.

ఆ రెండు చట్టాల మధ్యలో 1876-78 కరువు. దత్తమండలాల్లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి, పశువులు పోయాయి. రైలు రాకకు తట్టుకుని ఉన్న చిన్నా చితకా బిడార్లకు ఆ కరువుతో ఎద్దులే లేకుండా పోయాయి. మిగిలినవాళ్ళు కొండల అంచున, ఊరికి దూరంగా గుడిసెలు వేసుకున్నారు. తనకల్లు, నల్లచెరువు, తలుపుల, గాండ్లపెంట, నల్లమాడ వైపు పోతే కనిపించే తండాల పుట్టుక ఇదే. అవి మజిలీలు. ఎద్దు లేవలేదు కాబట్టి ఊళ్ళయ్యాయి. రాళ్ళ నేలలో వేరుశనగ వేసుకున్నారు. వాన రాని ఏడు మేస్త్రీ వెంట బెంగుళూరు పోయి, అపార్టుమెంట్లకు ఇటుకలు మోస్తున్నారు.

ప్రభుత్వ పుస్తకాల్లో వెతికితే దొరకరా అంటారేమో. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1905లో అనంతపురం గెజిటీరు వేశాడు. అప్పటికి కదిరి కడప జిల్లాలో ఉంది. 1910లో కదిరి తాలూకాను అనంతపురంలో కలిపారు. కడప గెజిటీరు 1915లో వచ్చింది. ఇప్పుడేమో 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. కదిరికి దొరకడం ఎప్పుడూ కష్టమే. ఆ తాలూకా తండాలకు ఇంకా కష్టం.

నివాళి గదా అని అన్నీ పూలే చల్లడం నాకు ఇష్టం ఉండదు. ఈ బిడార్లు కోటను చుట్టుముట్టిన సైన్యానికి గింజలు మోశాయంటే, లోపల ఆకలితో ఉన్నవాళ్ళకు అవి యముడి దున్నలే. ఏ పక్షం డబ్బిస్తే ఆ పక్షానికి మోశారు. మొగలులకు, మరాఠాలకు, నిజాముకు, కుంఫిణీకి. దారి పక్క పొలాల్లో మేసిన ఎద్దుల గురించి రైతు తిట్టిన తిట్లు చరిత్రలోకి రాలేదు గాని తిట్టే ఉంటాడు. మోర్మన్ల సంగతీ అంతే. వాళ్ళు ఖాళీ లోయ అన్నది షోషోనీలూ యూట్లూ అనే ఆదివాసులు తిరిగే నేల. 1857లో మౌంటెన్ మెడోస్ దగ్గర మోర్మన్ మిలీషియా దారిన పోతున్న మరో వలస బిడారు మీద పడి నూట ఇరవై మందిని చంపింది. కొందరు మగవాళ్ళకు ఒకరికి మించి భార్యలుండే పద్ధతిని 1890 దాకా చర్చి వదులుకోలేదు. ఈ చేదు నిజాలు కూడా వాళ్ళ రికార్డుల్లోనే ఉన్నాయి కాబట్టి మనవళ్ళు వాటితో తలపడుతున్నారు. రాసుకున్న జాతికి సిగ్గుపడే అవకాశం కూడా దక్కుతుంది.

మోర్మన్లు పేర్లు ఎందుకు పోగేస్తారన్నదానికి మతపరమైన కారణం ఉంది. చనిపోయిన పూర్వీకుల తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవచ్చని వాళ్ళ విశ్వాసం. దానికి పూర్వీకుడి పేరు తెలియాలి. అందుకే 1894లో వంశవృక్షాల సంఘం పెట్టుకున్నారు. ప్రపంచమంతా తిరిగి మైక్రోఫిల్ములు తీశారు. మన దేశంలో తీర్థాల పండాలు రాసుకున్న యాత్రికుల వహీలను కూడా వదల్లేదు. హరిద్వారం వెళ్ళి పేరు రాయించుకున్న ఉత్తరాది కుటుంబాల వంశాలు అలా యూటా దాకా పోయాయి.

తెలుగు కుటుంబాల్లో మోర్మన్ మతం తీసుకున్నవాళ్ళ కథ కూడా వాళ్ళ దగ్గర పదిలంగానే ఉంది. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవాలో ఉన్నప్పుడు ఆ చర్చిలో చేరారు. 1978 డిసెంబరులో హైదరాబాదుకు వచ్చి తమ బంధువుల్లోనే ఇరవై మందికి పైగా బాప్తిస్మం ఇప్పించారు. 1980ల్లో మోర్మన్ గ్రంథంలోని ఎంపిక చేసిన భాగాలు తెలుగులో వచ్చాయి. 2012లో ఇండియా మొత్తం మీద వాళ్ళ మొదటి స్టేకు, అంటే చర్చిల పెద్ద సమాఖ్య, హైదరాబాదులోనే ఏర్పడింది. అక్కడి తెలుగు మోర్మన్లకు పయనీర్లు వాళ్ళే. ఎవరు మొదట చేరారో, ఎవరితో చేరారో అడిగితే చెబుతారు.

లంబాడీలకు రాత లేదు గాని లెక్క లేకపోలేదు. ఢాడీలని వాళ్ళకు వంశగాయకులున్నారు. రాఠోడు, చౌహాన్, పవార్, జాదవ్ వంశాల్లో ఏ శాఖ ఎక్కడ చీలిందో, ఎవరి తాత ఎవరో, ఏ ఇంటికి ఏ ఇంటి పిల్లను ఇవ్వకూడదో తండా తండాకూ తిరిగి పాడేవారు. పెళ్ళి కుదరాలంటే ఆ లెక్క కావాలి. మోర్మన్లకు పేరు స్వర్గానికి అవసరమైంది, వీళ్ళకు పెళ్ళికి. ఢాడీ తండాకు వచ్చినప్పుడు దూడనో, డబ్బో, బట్టలో ఇచ్చి పంపేవారు. ఇప్పుడు పెళ్ళి సంబంధాలు సెల్‌ఫోనులో కుదురుతున్నాయి. ఢాడీల పిల్లలు వేరే పనులకు పోయారు. బిడారు పోయి నూట ముప్ఫై ఏళ్ళు కావస్తోంది, ఢాడీ మాత్రం మన కళ్ళ ముందే పోతున్నాడు. బిడారుకు నివాళి ఆలస్యమైంది సరే, ఢాడీకి నివాళి రాసే పని మాత్రం పడకుండా చూసుకోవచ్చు.

ఇది చదువుతున్న తండా పిల్లలకు, కదిరి డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చెప్పే మాస్టర్లకు ఒక మనవి. సేవాలాల్ జయంతి ఫిబ్రవరి 15. ఆ రోజు తండా అంతా ఒక చోట చేరుతుంది. ఆ సాయంత్రం ఒక నోటు పుస్తకం తీసుకుని మీ నానమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర కూర్చోండి. ఆమె అమ్మ పేరు, ఆ అమ్మ అమ్మ పేరు, ఎక్కడ పుట్టిందో, ఏ దారిన ఈ తండాకు వచ్చిందో అడిగి రాసుకోండి. ఫోనులో ఆమె గొంతు రికార్డు చేయండి. ఏ వైపునైనా ఢాడీ ఎవరైనా మిగిలి ఉంటే తీసుకొచ్చి పాడించండి. ఆయనకు దారి ఖర్చూ భోజనమూ కొత్త బట్టలూ ఇవ్వడం మరవకండి.